యంత్రాలు రాకముందు వృత్తాన్ని 360 భాగాలు ఎలా చేసేవారు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. విభజన యంత్రాలు లేని కాలంలో ఇత్తడి పళ్లెం మీద డిగ్రీల గీతలు అంత సమంగా ఎలా గీశారు? మ్యూజియంలో కనిపించే ఆస్ట్రోలేబ్‌లు (ఆకాశాన్ని పళ్లెం మీదికి దించి వేళ, నక్షత్రాల ఎత్తు చెప్పే పరికరాలు), క్వాడ్రంట్లు (పావు వృత్తం మీద ఎత్తు కోణం కొలిచేవి) నిజంగా వాడినవేనా, లేక దొరల ముచ్చట కోసం చేసినవా? మీరే ఒక క్వాడ్రంట్ చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నేను చాలా ఏళ్లు కొలత పరికరాల వర్క్‌షాపులో స్కేళ్లు గీశాను. తర్వాత పాత పరికరాలను శుభ్రం చేసి భద్రపరిచే పనిలో ఉన్నాను. అందుకని మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఉంటాను. మిగతా రెండింటికి జవాబు చాలావరకు దానిలోంచే వస్తుంది.

ఈ పరికరాల కథను పుస్తకాలు ఎక్కువగా కనిపెట్టినవాళ్ల పేర్లతో నడుపుతాయి. ఫలానా ఏడాది ఫలానా పండితుడు ఫలానా పరికరం ఊహించాడు అని. అది తప్పు కాదు గానీ, పనిబల్ల దగ్గర కూర్చున్నవాడికి కనిపించే చరిత్ర వేరు. ఏ పరికరమైనా దాని అంచు మీది గీతలు ఎంత నిజమో అంతే నిజం. వెనకున్న సిద్ధాంతం ఎంత గట్టిదైనా, గీత వెంట్రుకవాసి పక్కకు పడితే నక్షత్రం కూడా ఆ మేరకు పక్కకు పోతుంది. ఈ వృత్తిలో అసలు పోరాటమంతా గీతతోనే జరిగిందని నా నమ్మకం.

ముందు జ్యామితి ఎంతవరకు సాయపడుతుందో చూద్దాం. కంపాస్‌ను వ్యాసార్ధమంత తెరిచి వృత్తం మీద అడుగులు వేస్తూ పోతే సరిగ్గా ఆరో అడుగుకు బయలుదేరిన చోటికి వస్తారు. అంటే ఏ లెక్కా లేకుండా 60 డిగ్రీలు చేతికొచ్చాయి. సగం చేస్తే 30, మళ్లీ సగం చేస్తే 15. ఇక సగాలు చేస్తూ పోతే ఏడున్నర, మూడు ముప్పావు దాటి ఎక్కడికో పోతాం తప్ప 1 డిగ్రీ రాదు. యూక్లిడ్ చెప్పిన పద్ధతిలో వృత్తంలో పంచభుజి గీస్తే 72 డిగ్రీలు వస్తాయి. అందులోంచి 60 తీసేస్తే 12. దాని సగం 6, దాని సగం 3. అక్కడితో దారి మూసుకుపోతుంది. 3 డిగ్రీలను స్కేలు, కంపాస్‌లతో కచ్చితంగా మూడు సమభాగాలు చేయలేం. ఇందులో పనివాడి లోపమేమీ లేదు. ఇలాంటి విభజన అసాధ్యమని 1837లో పియరె వాంట్జెల్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించాడు. అంటే లోకంలో ఏ పాత పరికరం మీదైనా 1 డిగ్రీ గీత శుద్ధ జ్యామితి నుంచి పుట్టింది కాదు. ఎక్కడో ఒకచోట పనివాడు డివైడర్‌ను (రెండు కొసలా ముల్లున్న కంపాస్‌ను) అంచనాగా తెరిచి, మూడు అడుగులు వేసి చూసి, మిగిలితే కాస్త తెరిచి, దాటితే కాస్త మూసి, మళ్లీ వేసి చూసి తేల్చుకోవలసిందే.

అయితే ఈ అడుగులు వేసే పద్ధతిలో పెద్ద ప్రమాదం ఒకటుంది. డివైడర్ తెరుపు ఒక మిల్లీమీటరులో నూరో వంతు ఎక్కువైందనుకోండి. కంటికి అది కనిపించదు. కానీ దానితోనే వృత్తం చుట్టూ 360 అడుగులు వేస్తే చివరికి 3.6 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పళ్లెం మీద 1 డిగ్రీ అంటే 1.75 మిల్లీమీటర్లే. అంటే రెండు డిగ్రీలు గల్లంతు. కాబట్టి మంచి పనివాళ్లు చిన్న అడుగుతో మొదలుపెట్టి చుట్టూ తిరగలేదు. పెద్ద భాగాలను ముందు స్థిరం చేసుకుని, ఒక్కో దాని లోపలే చిన్న భాగాలు చేశారు. అలా చేస్తే తప్పు ఆ భాగంలోనే ఆగిపోతుంది, పక్కదానికి పాకదు. పాత పరికరాన్ని భూతద్దం కింద పెడితే ఈ క్రమం ఇప్పటికీ కనిపిస్తుంది. 30, 60 డిగ్రీల చుక్కలు గట్టిగా, లోతుగా ఉంటాయి. మధ్యలో ఉన్నవి తేలిగ్గా ఉంటాయి. గీత మొదలయ్యే చోట డివైడర్ ముల్లు పొడిచిన చిన్న గుంట కూడా ఉంటుంది.

ఇలా వేసి చూసి సరిచేసుకునే పద్ధతి ఎంత పాతదో చెప్పడానికి యాంటికితెరా యంత్రం చాలు. గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిన ఓడలోంచి 1901లో పైకి వచ్చిన ఈ కంచు యంత్రం క్రీస్తుకు పూర్వం ఒకటి రెండు శతాబ్దాల నాటిది. దానిలో మిగిలిన 30 పళ్లచక్రాల్లో ఒకదానికి 223 పళ్లు. గ్రహణాలు మళ్లీ అదే వరుసలో వచ్చే 223 చాంద్రమాసాల చక్రం కోసం ఆ సంఖ్య తీసుకున్నారు. 223 ప్రధాన సంఖ్య. దాన్ని సగం చేయలేం, మూడు చేయలేం, దేనితోనూ భాగించలేం. యంత్రంలోనే ఉన్న 127 కూడా అంతే. ఆ పనివాడు వృత్తాన్ని 223 భాగాలుగా పంచుకుని, ఒక్కో పన్నును ఆకురాయితో చేత్తో రాశాడు. దాని గురించి ఆలోచించిన ప్రతిసారీ ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆస్ట్రోలేబ్ సంగతి. ఆకాశగోళాన్ని చదునైన పళ్లెం మీదికి దించే జ్యామితి గ్రీకులది. టాలెమీ దాని మీద ఒక గ్రంథమే రాశాడు. దాన్ని చేతిలో పట్టుకుని తిరిగే పరికరంగా పరిపూర్ణం చేసింది మాత్రం అరబ్బీ భాషలో పనిచేసిన శాస్త్రజ్ఞులు, పనివాళ్లు. తేదీ వేసి మనకు దక్కినవాటిలో అన్నిటికంటే పాతదాన్ని నస్తూలుస్ అనే పనివాడు చేశాడు. అది 927-28 నాటిది. తర్వాతి శతాబ్దాల్లో ఈ విద్య ఇస్ఫహాన్ నుంచి స్పెయిన్ దాకా పాకింది. 1370లో మహేంద్ర సూరి అనే జైన పండితుడు ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో ఉంటూ 'యంత్రరాజ' అనే సంస్కృత గ్రంథం రాశాడు. అది పూర్తిగా ఆస్ట్రోలేబ్ గురించే. 16, 17 శతాబ్దాల్లో లాహోర్‌లో ఉస్తాద్ అల్లాదాద్ కుటుంబం నాలుగు తరాల పాటు వీటిని చేసింది. ఆ ఇంటి చివరివాళ్లలో ఒకడైన జియావుద్దీన్ ముహమ్మద్ పనిలో జాలీలాగా కత్తిరించిన నక్షత్రాల పలక చూస్తే, అందం, లెక్క రెండూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఏమవుతుందో తెలుస్తుంది.

దీనికి కావలసిన ఇత్తడి రేకు బజార్లో సిద్ధంగా దొరికేది కాదు. రాగిని జింకు ఖనిజంతో, బొగ్గుతో మూసలో కాల్చి ఇత్తడి చేసేవారు. ఆ పద్ధతిలో జింకు పాళ్లు 30 శాతానికి అటూ ఇటూ వచ్చి ఆగిపోతాయి. పోత పోసిన దిమ్మను సుత్తితో సాగగొట్టి రేకు చేయాలి. కొట్టేకొద్దీ లోహం గట్టిపడి పగుళ్లు వస్తుంది కాబట్టి మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి. తర్వాత గీకి చదును చేసి, రాయితో, బొగ్గుతో రుద్ది నునుపు చేయాలి. ఇదంతా అయ్యాకే మొదటి గీత. నకిలీలను పట్టుకోవడంలో ఈ సంగతి నాకు చాలాసార్లు పనికొచ్చింది. 'పదహారో శతాబ్దపు' పరికరం రేకు మందం అంచు నుంచి అంచుకు ఒకేలా ఉంటే, పరీక్షలో జింకు 37 శాతం వస్తే, ఇక దాని మీద ఉన్న సంతకం చదవాల్సిన అవసరం ఉండదు.

యూరప్‌లో ఈ పని తొలుత చెక్కుడు పనివాళ్ల చేతిలో పడింది. పటాలు చెక్కినవాళ్లు, పుస్తకాల బొమ్మలు చెక్కినవాళ్లు, పరికరాలు చేసినవాళ్లు చాలాసార్లు ఒక్కరే. మెర్కేటర్ లూవెన్‌లో జెమ్మా ఫ్రిసియస్ అనే గణితజ్ఞుడి దగ్గర గోళాలు, పరికరాల పని చేశాకే పటాల రచయితగా పేరు తెచ్చుకున్నాడు. లండన్‌లో థామస్ జెమిని శరీర నిర్మాణ పటాలు కూడా చెక్కాడు. అతని తర్వాత వచ్చిన హంఫ్రీ కోల్ టంకశాలలో ఉద్యోగి. న్యూరెంబర్గ్‌లో గేయోర్గ్ హార్ట్‌మన్ దారి ఇంకోటి. అతను పనివాళ్లను పెట్టి ఒకే రకం ఆస్ట్రోలేబ్‌లను వరుసగా చేయించాడు. అంతేకాదు, భాగాలను కాగితం మీద అచ్చువేసి అమ్మాడు. కొన్నవాళ్లు చెక్క మీద అంటించుకుని వాడుకునేవారు. ఈ కాగితం సంగతి గుర్తుంచుకోండి, మీ రెండో ప్రశ్నకు అవసరమవుతుంది.

చేతిలో పట్టే ఆస్ట్రోలేబ్ మీద అర డిగ్రీ వరకు నమ్మకంగా చదవొచ్చు, చెయ్యి తిరిగినవాడైతే ఇంకాస్త. సూర్యుడి ఎత్తు చూసి వేళ తెలుసుకోవడానికి అది చాలు. ఆకాశం 1 డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి అర డిగ్రీ తప్పుకు పోయేది కొద్ది నిమిషాలే. కానీ గ్రహాల పట్టికలు తయారుచేసేవాళ్లకు ఇది ఏ మూలకూ చాలదు. డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటారు. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం మీద ఒక నిమిషం అంటే 0.03 మిల్లీమీటర్లు. దాన్ని గీయలేం, గీసినా చూడలేం.

దీనికి మొదట తట్టిన ఉపాయం పరికరాన్ని పెద్దది చేయడం. సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ 1420ల్లో కట్టించిన వేధశాలలో ప్రధాన చాపం వ్యాసార్ధం సుమారు 40 మీటర్లు. అక్కడ 1 డిగ్రీకి 70 సెంటీమీటర్ల చోటు ఉంటుంది, నిమిషానికి సెంటీమీటరుకు పైనే. సవాయి జయసింహుడు 18వ శతాబ్దంలో ఇదే దారి పట్టాడు. ఇత్తడి పరికరాలు చిన్నవి కావడం వల్ల నిమిషాల గీతలు పట్టవని, ఇరుసులు అరిగి ఊగుతాయని, కేంద్రం జరుగుతుందని తన పట్టికల ముందుమాటలో రాసుకున్నాడు. జైపూర్‌లో 27 మీటర్ల ఎత్తు సమ్రాట్ యంత్రం ఆ ఆలోచన నుంచి వచ్చిందే. దాని స్కేలు మీద నీడ సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు నడుస్తుంది. కాకపోతే సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే అంత దూరంలో నీడ అంచు పది సెంటీమీటర్లకు మించి మసకబారిపోతుంది. రాయి కదలదు, అరగదు, నిజమే. కానీ పరిమాణం పెంచుకుంటూ పోయినంత మాత్రాన కచ్చితత్వం అదే పాళ్లలో పెరగదు.

డెన్మార్క్‌లో టైకో బ్రాహీ మధ్యస్థంగా ఆలోచించాడు. 1582లో గోడకు బిగించిన అతని క్వాడ్రంట్ వ్యాసార్ధం సుమారు 2 మీటర్లు. నిమిషానికి 0.58 మిల్లీమీటర్లు వస్తాయి. అంత సన్నటి గీతలు పక్కపక్కన గీయకుండా, రెండు చాపాల మధ్య ఏటవాలుగా చుక్కల వరుస పెట్టాడు. దృష్టి పలక ఏ చుక్క మీద పడితే అది నిమిషాల లెక్క. పోర్చుగల్‌కు చెందిన పెడ్రో నూనెష్ 1542లో దీనికి వేరే ఉపాయం చెప్పాడు. ఒకే కేంద్రంతో 44 అదనపు చాపాలు గీసి, ఒకదాన్ని 89 భాగాలు, తర్వాతిదాన్ని 88, అలా 46 దాకా విభజించాలి. కాగితం మీద చాలా తెలివైన ఆలోచన. చేసేవాడికి నరకం, ఎందుకంటే ఆ సంఖ్యల్లో ఎక్కువ భాగం జ్యామితికి లొంగవు. 1631లో పియరె వెర్నియర్ చిన్న జారే స్కేలు ఒకటి పెట్టి ఈ చిక్కును విడదీశాడు. ప్రధాన స్కేలు మామూలుగా గీస్తే చాలు, మిగతా పని ఆ చిన్న ముక్క చూసుకుంటుంది. ఇవాళ్టికీ మెకానిక్‌ల చేతిలో ఉన్నది అదే.

టైకో గీతలు ఊరికే పోలేదు. అతని కొలతలతో కుజుడి కక్ష్య లెక్కవేస్తున్న కెప్లర్‌కు, ఎంత సరిచేసినా 8 నిమిషాల తేడా మిగిలింది. ఇంకొకరి కొలతలైతే ఆ తేడాను పరికరం తప్పు అని కొట్టేసి ఉండేవాడు. టైకో అంత తప్పు చేయడని నమ్మాడు కాబట్టి వృత్తాలనే వదిలేశాడు. 1609లో దీర్ఘవృత్త కక్ష్య అచ్చులోకి వచ్చింది. చిన్న ఆస్ట్రోలేబ్ మీద ఆ 8 నిమిషాలు పావు మిల్లీమీటరు కూడా ఉండవు. టైకో గోడ మీద నాలుగున్నర మిల్లీమీటర్లు. నా వృత్తి గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ సంగతే.

తర్వాత దుర్భిణిని చూపుగొట్టంగా బిగించడం మొదలైంది. ఉత్త కంటికి ఒక నిమిషం హద్దు. దుర్భిణి ఆ హద్దును చెరిపేసింది. దాంతో భారం మళ్లీ గీతల మీద పడింది. కన్ను సెకన్లు (కోణ నిమిషంలో అరవయ్యో వంతులు) చూస్తోంది, అంచు మీద గీత నిమిషాల్లోనే ఉంది. ఇక్కడి నుంచి కథ లండన్‌ది.

గ్రీనిచ్ వేధశాలకు జార్జ్ గ్రాహమ్ 1725లో 8 అడుగుల వ్యాసార్ధంతో గోడ క్వాడ్రంట్ చేశాడు. దాని మీద రెండు స్కేళ్లు గీశాడు. ఒకటి మామూలు 90 డిగ్రీలది, ఇంకోటి 96 భాగాలది. ఈ 96లోనే తెలివి ఉంది. 90 డిగ్రీలను 96 చేస్తే, కంపాస్‌తో ఉచితంగా దొరికే 60 డిగ్రీలకు సరిగ్గా 64 భాగాలు వస్తాయి. 64ను ఆరుసార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది. మూడు చేయడం, ఐదు చేయడం, అంచనాగా అడుగులు వేయడం ఏదీ అక్కర్లేదు. సగం చేయడం ఒక్కటే పని, చేతికి అన్నిటికంటే నమ్మకమైన పని కూడా అదే. రెండు స్కేళ్లనూ చదివి పట్టికతో పోల్చుకుంటే 90 స్కేలు తప్పులు బయటపడతాయి.

జాన్ బర్డ్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. 1750లో అతను గ్రీనిచ్‌కు మరో 8 అడుగుల క్వాడ్రంట్ చేశాడు. అతను మొదట గుర్తించేది 85 డిగ్రీల 20 నిమిషాల బిందువును. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అది 5120 నిమిషాలు, అంటే 5 నిమిషాల భాగాలు 1024. పదిసార్లు సగం చేస్తే సరిగ్గా 5 నిమిషాలు వచ్చేస్తాయి. కావలసిన జ్యాల (చాపం రెండు కొసలను కలిపే సరళరేఖల) పొడవులు ముందే లెక్కగట్టి, కచ్చితమైన స్కేలు మీది నుంచి బీమ్ కంపాస్‌తో (పొడవాటి కడ్డీ మీద ముళ్లు జరిపే కంపాస్‌తో) తీసుకుని పళ్లెం మీద పెట్టేవాడు.

బర్డ్ ఎక్కువ భయపడింది వేడికి. 8 అడుగుల ఇత్తడి ఒక సెల్సియస్ డిగ్రీ వేడెక్కితే సుమారు 0.046 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే వ్యాసార్ధం మీద ఒక కోణ సెకను విలువ 0.012 మిల్లీమీటర్లు. పళ్లెం మొత్తం ఒకేలా సాగితే కోణం మారదు, అందులో ప్రమాదం లేదు. కానీ పళ్లెం చల్లగా ఉండి, చేతిలో పట్టుకున్న కంపాస్ వెచ్చబడితే, వేసిన ప్రతి చుక్కా తప్పే. అందుకే స్కేలు, కంపాస్, పళ్లెం అన్నీ ఒకే వేడికి వచ్చేదాకా ఆగి, త్వరత్వరగా పని ముగించేవాడు. గ్రాహమ్ క్వాడ్రంట్‌కు ఇనుప చట్రం మీద ఇత్తడి అంచు ఉండేది. రెండు లోహాలూ వేర్వేరుగా సాగుతాయి. బర్డ్ తనదాన్ని పూర్తిగా ఇత్తడితోనే చేశాడు. సముద్రం మీద రేఖాంశం తేల్చే సమస్యను చూసే బ్రిటన్ లాంగిట్యూడ్ బోర్డు అతనికి 500 పౌండ్లు ఇచ్చి పద్ధతిని బయటపెట్టించింది. 1767లో అది పుస్తకంగా వచ్చింది.

బోర్డుకు ఇంత ఆత్రం ఎందుకంటే, నౌకల ప్రాణాలు గీతల మీద ఉన్నాయి. చంద్రుడికీ ఒక నక్షత్రానికీ మధ్య కోణం కొలిచి రేఖాంశం లెక్కగట్టే పద్ధతిలో, కోణంలో 1 నిమిషం తప్పు రేఖాంశంలో దాదాపు 30 నిమిషాల తప్పవుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది 55 కిలోమీటర్లు. పైగా 1731లో హ్యాడ్లీ చూపిన, ఓడ మీద కోణాలు కొలిచే ఆక్టంట్, దాని తర్వాతి సెక్స్‌టంట్ అద్దాలతో పనిచేస్తాయి. అద్దం కోణాన్ని రెట్టింపు చేస్తుంది కాబట్టి 45 డిగ్రీల చాపం మీదే 90 డిగ్రీలు గీయాలి. విభజనలో తప్పు కూడా రెట్టింపవుతుంది. చేత్తో గీసినన్నాళ్లు తప్పు తగ్గించడానికి చెక్క ఆక్టంట్లను అడుగున్నర వ్యాసార్ధంతో భారీగా చేయాల్సి వచ్చింది.

జెస్సీ రామ్స్‌డెన్ 1775 నాటికి పూర్తి చేసిన విభజన యంత్రం ఈ స్థితిని మార్చేసింది. 45 అంగుళాల కంచు చక్రం, అంచున 2160 పళ్లు, దానికి పట్టిన ఒక మరచుట్టు (స్క్రూ). మర ఒక చుట్టు తిరిగితే చక్రం సరిగ్గా 10 నిమిషాలు జరుగుతుంది. మర తలను 60 భాగాలు చేశాడు కాబట్టి ఒక్కో భాగం 10 సెకన్లు. కాలితో తొక్కుతూ, ఆగిన ప్రతిసారీ ఒక గీత గీస్తూ, అరగంట సుమారులో ఒక సెక్స్‌టంట్ పూర్తయ్యేది. కానీ ఆ 2160 పళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? మళ్లీ చేతి నుంచే. వృత్తాన్ని ముందు ఐదు చేసి, ఒక్కోదాన్ని మూడు చేసి, నాలుగుసార్లు సగం చేసి 240 భాగాలు తెచ్చాడు. ఒక్కో భాగంలో 9 పళ్లు పడేలా మరతో కోశాడు. అంటే ఆ తర్వాత వచ్చిన వేల సెక్స్‌టంట్లలో ఉన్నది రామ్స్‌డెన్ ఒక్కసారి ఓపిగ్గా చేసిన విభజనే.

బోర్డు అతనికి 615 పౌండ్లు ఇచ్చింది. 300 బహుమతి, 315 యంత్రం ఖరీదు. షరతులు బాగున్నాయి. యంత్రం వివరం 1777లో అచ్చు వేయించారు. మరికొందరు పనివాళ్లకు తయారీ నేర్పాలి, ఇతరుల ఆక్టంట్లను 3 షిల్లింగులకు, ఇత్తడి సెక్స్‌టంట్లను 6 షిల్లింగులకు విభజించి ఇవ్వాలి. విద్యను ఇంట్లో దాచుకోకుండా అందరికీ పంచమని ఖజానా డబ్బు ఇవ్వడం నాకు ఇప్పటికీ గొప్ప పనిగానే తోస్తుంది. అయితే వేధశాలల పెద్ద చక్రాలు ఆ యంత్రంలో పట్టవు, వాటిని చేత్తోనే గీశారు. పలెర్మోలో 1801 జనవరి 1న పియాజీ సిరీస్ గ్రహశకలాన్ని కనుక్కున్నది రామ్స్‌డెన్ చేసిన 5 అడుగుల చక్రంతోనే.

ఇక వాడకం సంగతి. మ్యూజియంలో మీరు చూసేవి ఎక్కువగా తక్కువ వాడినవి. వాడినవి అరిగి, విరిగి, కరిగి పోయాయి. చెక్కవి పొయ్యిలోకి, కాగితానివి చెత్తలోకి. బంగారుపూత వేసి రాజుకు కానుకగా ఇచ్చిన ఇత్తడి ఆస్ట్రోలేబ్ మాత్రం పెట్టెలో భద్రంగా మిగిలింది. దాన్ని చూసి 'ఇవన్నీ అలంకారాలే' అనుకోవడం సరికాదు. నావికుల ఆస్ట్రోలేబ్ చూడండి. మందమైన పోత, గాలి తగిలి ఊగకుండా మధ్యలో ఖాళీలు, పెద్ద గీతలు తప్ప ఇంకేమీ లేవు. మనకు దొరికినవాటిలో చాలా వరకు మునిగిన ఓడల నుంచే వచ్చాయి. వాస్కో డ గామా దండులోని ఒక ఓడ ఒమన్ తీరంలో 1503లో మునిగింది. దాని శిథిలాల్లో 2014లో దొరికిన లోహపు పళ్లెం మీద, లేజర్ స్కానింగ్ చేస్తే 5 డిగ్రీలకొకటి చొప్పున గీతలు తేలాయి.

ఇంకో ఆధారం గుంటర్ స్కేలు. ఎడ్మండ్ గుంటర్ 1620లో లాగరిథం విలువలను రెండు అడుగుల స్కేలు మీద పొడవులుగా గీశాడు. డివైడర్‌తో ఒక పొడవు తీసి ఇంకోదానికి కలిపితే గుణకారం అయిపోతుంది. ఓడల మీద దీన్ని 19వ శతాబ్దం దాకా వాడారు. ఎక్కువగా ముల్లు గుచ్చే చోట్ల చెక్క గుల్లవుతుందని అక్కడ చిన్న ఇత్తడి మేకులు దిగగొట్టేవారు. అలాంటి స్కేలు చేతికొస్తే, 1, 10 దగ్గర ముళ్ల పోట్లను వేలితో తడిమి తెలుసుకోవచ్చు. అలంకారానికి ఉంచుకున్న వస్తువును ఎవరూ అలా పొడవరు. సర్వేయర్ల గొలుసు కూడా గుంటర్‌దే. 66 అడుగులు, 100 లింకులు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. పొలం కొలిచేవాడికి భాగహారం బెడద లేకుండా చేశాడు.

గెలీలియో 1597 ప్రాంతంలో పాడువాలో చేసిన సెక్టర్ కూడా ఇలా లెక్కలకే. మడత దగ్గర కలిసిన రెండు కాళ్లు, వాటి మీద స్కేళ్లు. ఒక గీతను ఏడు సమభాగాలు చేయాలంటే, రెండు కాళ్ల మీద 70 అంకెల మధ్య దూరం ఆ గీతంత అయ్యేలా తెరిచి, 10 అంకెల మధ్య దూరం తీసుకుంటే అదే ఏడో వంతు. సరూప త్రిభుజాలు తప్ప ఇంకేమీ లేదు. ఫిరంగి గుండు వ్యాసం నుంచి బరువు తేల్చడానికి దానిలో వేరే గీత ఉంది. 1599లో మజ్జోలేని అనే పనివాణ్ణి ఇంట్లోనే పెట్టుకుని ఇవి చేయించి అమ్మాడు, వాడకం నేర్పినందుకు విడిగా ఫీజు తీసుకున్నాడు. 1606లో 60 ప్రతులు మాత్రమే వేసిన వాడుక పుస్తకంలో తయారీ రహస్యం చెప్పలేదు. అయినా మరుసటి ఏడాదే కాప్రా అనే అతను అది తనదని లాటిన్‌లో పుస్తకం వేశాడు. గెలీలియో ఫిర్యాదు చేసి ఆ పుస్తకాన్ని జప్తు చేయించాడు.

లండన్‌లో 1630ల్లో ఇంకో గొడవ జరిగింది. విలియం ఆట్రెడ్, రిచర్డ్ డెలమేన్ ఇద్దరూ గుండ్రటి స్లైడ్ రూల్ తమదంటే తమదన్నారు. దానికంటే నన్ను ఆకట్టుకున్నది వాళ్ల మరో వాదన. సిద్ధాంతం నేర్చాకే పరికరం ముట్టుకోవాలని, లేకపోతే విద్యార్థి గారడీవాడిలా తయారవుతాడని ఆట్రెడ్ పట్టుబట్టాడు. పరికరంతోనే మొదలుపెట్టినా తప్పు లేదన్నాడు డెలమేన్. నేను డెలమేన్ వైపే. చేత్తో గీసి, తిప్పి, తప్పు చూసుకున్న పిల్లలు 'ఎందుకు' అని వాళ్లే అడుగుతారు.

మీ క్వాడ్రంట్‌కు వద్దాం. వ్యాసార్ధం 229.2 మిల్లీమీటర్లు పెట్టుకోండి, అప్పుడు 1 డిగ్రీ సరిగ్గా 4 మిల్లీమీటర్లు అవుతుంది, గీయడానికీ చదవడానికీ హాయి. వంగని ప్లైవుడ్ మీద మందపాటి కాగితం అంటించి, ఆరాక చాపం గీయండి. కోణమానిని వాడకండి. 0 బిందువు నుంచి 242.9 మిల్లీమీటర్ల జ్యా తీసుకుంటే 64 డిగ్రీలు వస్తుంది. దాన్ని ఆరుసార్లు సగం చేయండి. 32, 16, 8, 4, 2, 1. గ్రాహమ్, బర్డ్ చేసిన పని ఇదే. తర్వాత లంబం గీసి 90 గుర్తించి, అక్కడి నుంచి వెనక్కి అదే జ్యా పెట్టి 26 డిగ్రీల బిందువు తెచ్చుకోండి. ఆ ముక్కనూ అలాగే ఆరుసార్లు సగం చేయండి. 26 నుంచి 64 దాకా రెండు వరుసలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడకపోతే లంబం తప్పో, మొదటి జ్యా తప్పో ఉంది. ఏది తప్పో తేల్చడానికి వ్యాసార్ధమంత జ్యా తీసి 0 నుంచి పెట్టండి. అది 60 మీద పడితే మొదటి వరుస మంచిదే, లంబం మళ్లీ గీయండి.

డివైడర్ ముల్లు సన్నగా ఉండాలి, గుచ్చేటప్పుడు నిలువుగా పట్టాలి. పెద్ద భాగాలన్నీ ఒకే పూటలో ముగించండి. కాగితం తేమకు సాగుతుంది, వర్షం పడే రోజు మొదలుపెట్టి ఎండ రోజు కొనసాగిస్తే వరుసలు కలవవు. తూకం దారం (కొసన బరువు కట్టిన దారం) సన్నది తీసుకుని కేంద్రం రంధ్రంలోంచే వేలాడదీయండి, పక్కన మేకుకు కాదు. అర మిల్లీమీటరు పక్కకు ఉన్నా ఎనిమిదో వంతు డిగ్రీ పోతుంది. సూర్యుడి ఎత్తు చూడాలంటే కంటితో చూడకండి, అంచు మీద బిగించిన రెండు చూపు పలకల్లో పైదాని రంధ్రంలోంచి వచ్చే వెలుగు చుక్క కింది పలక మీద పడేలా తిప్పండి. మొదటి రాత్రి ధ్రువ నక్షత్రం ఎత్తు కొలిచి మీ ఊరి అక్షాంశంతో పోల్చుకోండి. ధ్రువానికి ఆ నక్షత్రం అర డిగ్రీకి కాస్త పైనే దూరంలో ఉంటుంది. కాబట్టి తేడా 1 డిగ్రీ లోపు వస్తే మీ గీతలు బాగానే పడ్డాయి. అంతకు మించితే ముందు దారం, తర్వాత చూపు రంధ్రాల వరుస సరిచూసుకుని, స్కేలును చివరగా అనుమానించండి.